కారులో టైర్ల హోరు తగ్గాలంటే
విజయనగరం నుంచి వచ్చి నాతవలస దగ్గర హైవే ఎక్కగానే హోరు మొదలైతే, ముందు కారణం పట్టుకోండి. రోడ్డు మారగానే శబ్దమూ మారితే అది టైరుదే. వంపు తిరిగేటప్పుడు పెరిగితే వీల్ బేరింగ్‌ను (చక్రం సాఫీగా తిరిగేలా చూసే భాగం) అనుమానించాలి. దాన్ని మాత్రం వాయిదా వేయొద్దు.

టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి. కంపెనీ స్టిక్కర్‌లో ఉన్నంతే పెట్టాలి, ఎక్కువైతే కుదుపు పెరుగుతుంది. తర్వాత అరచేత్తో ట్రెడ్‌ను (రోడ్డుకు తగిలే గాడుల భాగం) ముందుకీ వెనక్కీ నిమరండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే వీల్ అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణం), షాక్ అబ్జార్బర్లు చూపించండి. అవి సరిచేయకుండా కొత్త టైర్లేస్తే అవీ అలాగే అరుగుతాయి.

తలుపు రబ్బరు దగ్గర కాగితం పెట్టి మూసి లాగండి; సులువుగా జారితే రబ్బరు పోయినట్టే, హోరు అక్కణ్నుంచీ లోపలికొస్తుంది.

తలుపు రేకుకు లోపల అతికించే డ్యాంపింగ్ షీటు (రేకు అదురు తగ్గించేది) ఆఖర్న: 2 మి.మీ. బ్యూటైల్ రబ్బరుది తీసుకుని, రోలర్‌తో గట్టిగా అదమాలి. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూస్తే తుప్పు పడుతుంది.