పలకరాతి కప్పుకు నాచు పడితే

మాది మార్కాపురం. నాన్న పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవారు. చిన్నప్పుడు బడికి చంకన పెట్టుకుపోయిన పలకా, వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఇప్పుడు నా నెత్తి మీదున్న కప్పూ ఒకే జాతి రాయి అని ఇల్లు కొన్నప్పుడు తెగ మురిసిపోయాను. మూడో ఏటికి ఉత్తరపు వాలు మీద నాచు బొంతలా పరుచుకుంది. దాన్ని తీయించడంలో నేర్చుకున్నది, వేల్స్‌లో పాత ఇళ్లు కొన్న మనవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ప్రెషర్ వాషర్ పట్టుకుని తలుపు తట్టేవాడిని అటునుంచి అటే పంపేయండి. మా వీధిలో ఒక పెద్దావిడ ఇంటికి ఇలాగే ఇద్దరు వచ్చి, ఒక్క పూటలో కప్పు నిగనిగలాడేలా కడిగి డబ్బు తీసుకుని వెళ్లారు. ఆ రాత్రే పడకగది సీలింగ్ తడిసింది. పలకలు చేప పొలుసుల్లా పైది కిందిదాన్ని కప్పుతూ ఉంటాయి. పైనుంచి జారే వానకు సరిపోయే అమరిక అది. కింది నుంచి ఎగజిమ్మిన నీరు పొలుసు సందున దూరి నేరుగా అటకలోకి పోతుంది. బాగా పాత ఇళ్లలో పలకల అడుగున షీటు ఉండదు, సున్నం మెత్తి ఉంటుంది. ఆ ధాటికి అదీ రాలుతుంది. అంచున పొర లేచిన పలక అయితే రెండుగా విచ్చుకుంటుంది.

అసలు శుభ్రం చేయాలా అన్నది కూడా చూసుకోవాలి. వేల్స్ రాయి నీటిని దాదాపు పీల్చదు, నూరేళ్లు దాటినా నిలుస్తుంది. దానికంటే ముందు తుప్పు పట్టి పోయేది దాన్ని పట్టుకున్న మేకు. పల్చటి నాచునూ, బూడిద రంగు లైకెన్ మచ్చలనూ వదిలేసినా కొంప మునగదు. నాచు దిండులా మందమైతేనే చిక్కు. పలకల అంచుల్లో తడి ఆరనివ్వదు. పురుగుల కోసం పిట్టలు పెళ్లగించి పడేస్తే గట్టర్‌లో, అంటే చూరు వెంట వాననీరు పోయే కాలువలో చేరి గొట్టం పూడ్చేస్తుంది.

నిచ్చెన వేసే ముందు అటకలో గబ్బిలాలున్నాయేమో చూడండి. 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద ఇక్కడ వాటికి రక్షణ ఉంది. అవి లేని రోజుల్లో కూడా వాటి నివాసాన్ని పాడుచేయడం నేరమే. ఊరి చివర పాడుబడ్డ గుళ్లో గబ్బిలాలను రాళ్లతో కొట్టిన నాకు ఇది వినడానికే వింతగా అనిపించింది. పలకలన్నీ ఒకే మందంలో, అచ్చు పోసినట్టుంటే అవి ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ సిమెంటువి కావచ్చు. 1999లో నిషేధించేదాకా వాటిని వాడారు. అనుమానముంటే పరీక్ష చేయించేదాకా గీకడం, రుద్దడం వద్దు.

మేస్త్రీని ఎంచుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒక్కటే: “పలకల మీద ఎలా నడుస్తారు?” నడవను అన్నవాడే పనివాడు. కప్పు పైకొసన ఉండే కొప్పుకు కొక్కెం తగిలించే ప్రత్యేకమైన నిచ్చెన మీదే అతను పాకాలి. నాకు దొరికిన మేస్త్రీ అరవై దాటినవాడు. రాగానే వేలి కణుపుతో నాలుగు పలకలు తట్టి విన్నాడు. నాన్న చేసేదీ అదే! మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పొర విడిచినది డొల్లగా పలుకుతుంది.

పని సెప్టెంబరులో పెట్టుకున్నాం. అప్పటికి పిట్టల గూళ్లు ఖాళీ అవుతాయి. నాలుగు రోజులు ఎండ కాసి నాచు పెళుసుబారాక మొదలుపెట్టాడు. ముందు గట్టర్ గొట్టం మూతికి గుడ్డ కుక్కాడు. తర్వాత కొప్పు నుంచి కిందికి, చేత్తో, ప్లాస్టిక్ గరిటెతో గీకుతూ వచ్చాడు. పైకి గీకితే పలక అంచు లేస్తుంది. ఇనుప బ్రష్ దగ్గరికే రానివ్వలేదు. ఎనిమిది బస్తాల నాచు దిగింది.

గీకేటప్పుడే జారిన పలకలు బయటపడతాయి. మావి పదకొండు. అన్నీ 20 అంగుళాలకు 10 అంగుళాల సైజు, ఇక్కడ దాని పేరు కౌంటెస్. 24కు 12 అయితే డచెస్, 16కు 8 అయితే లేడీ, అన్నీ దొరసానుల బిరుదులే. నా కప్పు మీద ఇంత రాణివాసం ఉందని నాకు తెలియదు! మేకులు లాగే సన్నటి ఇనుప పనిముట్టు రిప్పర్‌ను లోపలికి పోనిచ్చి పాత మేకులు లాగి, అదే మందం పాత పలకలు దూర్చి, కింది అంచున సీసపు పట్టీ మడిచి బిగించాడు. పదుల కొద్దీ జారుతుంటే మాత్రం మేకులన్నీ పోయాయని అర్థం. అప్పుడు శుభ్రానికి డబ్బు తగలేయకండి. కప్పు విప్పి, పనికొచ్చే పలకలతోనే మళ్లీ వేయించండి.

చివరగా మందు. బెంజాల్కోనియం క్లోరైడ్ ఉన్న ద్రావణాన్ని, కనీసం ఒక రోజు వాన లేదనుకున్నప్పుడు, సన్నగా పిచికారీ చేస్తారు. దాన్ని కడగకూడదు. మిగిలిన మరకలను నెలల తరబడి వానే తీస్తుంది. వాననీటి పీపాకు పోయే గొట్టం ముందే విప్పండి, చేపల తొట్టె ఉంటే కప్పండి, ఈ మందుకు చేపలు చస్తాయి. బ్లీచ్ లోహపు పట్టీలను, ఆమ్లం సున్నాన్ని తింటాయి కాబట్టి రెండూ వద్దు. పైన రంగు పూస్తామంటే ఒప్పుకోకండి, పలకల సందున తేమ ఆరక కింది కర్ర కుళ్లుతుంది. కొప్పు కింద రాగి పట్టీ వేయించుకుంటే, దాని మీదుగా జారే వాన ఆ కింది వరుసల్లో నాచును కొంత అడ్డుకుంటుంది.

ఇప్పుడు ఏటా నవంబరులో ఆకులు రాలాక గట్టర్ తీయిస్తాను, వీధిలో నిలబడి బైనాక్యులర్‌తో పలకలు లెక్కపెడతాను. ఎదురింటివాళ్లు మొదట్లో అనుమానంగా చూసేవారు. ఈ ఏడు తమ కప్పు కూడా చూసిపెట్టమన్నారు.