న్యూజెర్సీలో టౌన్‌షిప్ నోటీసులు ఎలా చదవాలి, గడువులోగా ఎలా స్పందించాలి?

ఇంటి వెనక ఖాళీ స్థలంలో గోదాము కడుతున్నారని బుల్‌డోజర్ వచ్చాక తెలిస్తే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అదే సంగతి హియరింగ్‌కు (అందరి మాటా వినే బహిరంగ విచారణకు) పది రోజుల ముందు తెలిస్తే చేయగలిగింది చాలా ఉంటుంది. ఆ పది రోజులూ న్యూజెర్సీ చట్టం మనకు ఇచ్చినవే. ఎడిసన్, పిస్కాటవే, సౌత్ బ్రన్స్‌విక్, ప్లెయిన్స్‌బరో లాంటి చోట్ల ఇల్లు కొనుక్కున్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఏడాదిలో ఏదో ఒక నోటీసు వస్తుంది. దాని భాష లాయర్ల కోసం రాసినట్టే ఉంటుంది. కానీ అందులో మనం వెతకాల్సినవి నాలుగే: ఏ సంస్థ, ఏ స్థలం, ఏ దశ, ఏ తేదీ.

ఓటు లేదు కదా, మనకెందుకులే అని హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఊరుకోనక్కర్లేదు. మీటింగులో ప్రజలు మాట్లాడటానికి కొంత సమయం కేటాయించాలని ఓపెన్ పబ్లిక్ మీటింగ్స్ యాక్ట్ చెబుతుంది. 1975 నాటి ఈ చట్టం పౌరులకే ఆ సమయం అనలేదు. ఇల్లు మీ పేరున ఉంటే పన్ను విలువ మీద అప్పీలు వేయడానికీ పాస్‌పోర్టుతో పనిలేదు.

మొదట మీ టౌన్‌షిప్ ఏదో తేల్చుకోండి

చాలామంది పొరబడేది ఇక్కడే. పోస్టల్ అడ్రసులో ఉన్న ఊరి పేరు మీ స్థానిక ప్రభుత్వం పేరు కాకపోవచ్చు. ఇజ్‌లిన్ అడ్రసు ఉన్నవాళ్లది వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్. మన్మత్ జంక్షన్, కెండాల్ పార్క్, డేటన్ మూడూ సౌత్ బ్రన్స్‌విక్ కిందివి. మన్మత్ జంక్షన్ పేరు చూసి మన్మత్ కౌంటీ అనుకుంటారు, అది ఉన్నది మిడిల్‌సెక్స్ కౌంటీలో.

ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీయండి. దాని మీద ఉన్న మునిసిపాలిటీ పేరే మీది. అదే బిల్లులో బ్లాక్ నంబరు, లాట్ నంబరు ఉంటాయి. కాండో అయితే మీ యూనిట్‌ను గుర్తించే క్వాలిఫయర్ కోడ్ కూడా ఉంటుంది. వీటిని ఫోన్‌లో రాసిపెట్టుకోండి. మన దగ్గర పొలానికి సర్వే నంబరు ఎలాగో ఇక్కడ స్థలానికి బ్లాక్, లాట్ అలాగ. కొన్ని నోటీసుల్లో వీధి పేరే ఉండదు, ఈ రెండు నంబర్లే ఉంటాయి. అప్పుడు టౌన్‌షిప్ టాక్స్ మ్యాప్ తెరిచి ఆ స్థలం మీ ఇంటికి ఎంత దూరమో చూసుకోవాలి.

నోటీసు ఇచ్చిన సంస్థ ఏదో కూడా గమనించండి. ఆర్డినెన్సులు (స్థానిక చట్టాలు), బడ్జెట్ కౌన్సిల్ పని. టౌన్‌షిప్ కమిటీ ఉన్నచోట ఆ కమిటీ పని. కట్టడాల దరఖాస్తులు ప్లానింగ్ బోర్డుకో జోనింగ్ బోర్డుకో వెళతాయి. జోనింగ్ అంటే ఏ స్థలాన్ని దేనికి వాడవచ్చో చెప్పే నిబంధనలు. బడి సంగతులు బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్‌వి. అది వేరే సంస్థ, దానికి వేరే వెబ్‌సైట్, వేరే మీటింగులు. వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో రెండు టౌన్‌షిప్‌లైనా వాటికి స్కూల్ డిస్ట్రిక్టు ఒక్కటే. బడి పన్ను పెరిగిందని కౌన్సిల్ మైకు ముందు ఎంత గట్టిగా మాట్లాడినా, నిర్ణయం వాళ్ల చేతిలో లేనిదే.

నోటీసులు ఎక్కడ చూడాలి

దశాబ్దాలపాటు ఇవి పత్రికల లోపలి పేజీల్లో అచ్చయ్యేవి. రాష్ట్రంలో పెద్ద పత్రిక స్టార్-లెడ్జర్ 2025 ఫిబ్రవరిలో అచ్చు ఆపేసింది. అదే ఏడాది కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం 2026 మార్చి 1 నుంచి స్థానిక సంస్థలు చట్టబద్ధమైన నోటీసులను తమ అధికారిక వెబ్‌సైట్‌లో పెట్టాలి. కాబట్టి టౌన్‌షిప్ సైట్‌లో లీగల్ నోటీసుల పేజీని వెతికి బుక్‌మార్క్ చేసుకోండి. సైట్‌లో కనిపించే న్యూస్ పేజీ వేరు. అందులో పండగ ఫొటోలు, ఆకులు ఎత్తే తేదీలు ఉంటాయి. హక్కులకు సంబంధించిన గడువులు లీగల్ నోటీసుల్లో ఉంటాయి.

జనవరిలో ఒకసారి టౌన్‌షిప్ క్లర్క్ (మీటింగులు, రికార్డులు చూసే అధికారి) పేజీ చూడండి. ఏడాది మొదట జరిగే రీఆర్గనైజేషన్ మీటింగ్ అయిన ఏడు రోజుల్లోగా ఆ ఏడాది మీటింగుల తేదీలన్నీ ప్రకటించాలి. వాటిని క్యాలెండర్‌లో వేసుకోండి. ఆ జాబితాలో లేని మీటింగ్ పెట్టాలంటే, అత్యవసరమైతే తప్ప, కనీసం 48 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. అందులో తేదీ, సమయం, చోటుతో పాటు అప్పటికి తెలిసినంతవరకు అజెండా కూడా ఉండాలి. మీటింగ్ నోటీసులు నేరుగా మీకే పంపమని క్లర్క్‌కు రాతపూర్వకంగా అడిగే హక్కు కూడా చట్టంలో ఉంది, కొద్దిపాటి రుసుము ముందుగా కట్టాల్సి రావచ్చు.

అత్యవసర హెచ్చరికలకు మాత్రం వెబ్‌సైట్ సరిపోదు, టౌన్‌షిప్ వాడే టెక్స్ట్ అలర్టుకు నమోదు చేసుకోండి. మంచు తుఫానులో వీధిలో కార్లు ఆపకూడదనే ఆదేశం, నీళ్లు కాచి తాగమనే హెచ్చరిక వచ్చేది అలాగే. కాచడమంటే వేడి చేయడం కాదు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం నిండా మరగనివ్వాలి.

ఆర్డినెన్సా, రిజల్యూషనా?

అజెండాలో ముందుగా చూడాల్సింది ఇదే. రిజల్యూషన్ (తీర్మానం) సాధారణంగా ఒక్క మీటింగులో అయిపోతుంది, దానికి విడిగా హియరింగ్ ఉండదు. ఆర్డినెన్స్ స్థానిక చట్టం, అందుకే రెండు మెట్లు ఎక్కాలి. మొదటి మీటింగులో ప్రవేశపెట్టి, శీర్షిక మాత్రం చదువుతారు. ఆ తర్వాత నోటీసు ప్రచురించాలి. ప్రచురణకూ తుది ఓటుకూ మధ్య కనీసం ఒక వారం, మొదటి పఠనానికీ తుది ఓటుకూ మధ్య కనీసం పది రోజులు ఉండాలి. రెండో పఠనం రోజున హియరింగ్ జరిగి, వెంటనే ఓటు వేస్తారు.

అందరూ హియరింగ్ కోసం ఆగుతారు. అప్పటికి కౌన్సిల్ సభ్యులు చాలావరకు మనసులో నిర్ణయించుకునే వస్తారు. పైగా ఆ రాత్రి మీ మాట విని ఆర్డినెన్స్‌ను గణనీయంగా మార్చాలంటే మళ్లీ ప్రచురించి, మళ్లీ హియరింగ్ పెట్టాలి. ఆ శ్రమకు ఎవరూ ముందుకు రారు. అందుకే శీర్షిక చదివిన వారంలోనే పూర్తి పాఠం క్లర్క్ దగ్గర తీసుకుని, మార్చాల్సిన వాక్యం ఏదో, దాని బదులు ఏం ఉండాలో సభ్యులకు ఈమెయిల్‌లో రాయండి. "ఇది అన్యాయం" అని రాస్తే చదివి పక్కన పెడతారు. "నాలుగో సెక్షన్‌లో 25 అడుగులను 50 చేయండి" అంటే దాని మీద చర్చ జరుగుతుంది.

జోనింగ్ మార్చే ఆర్డినెన్స్ అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. జోన్ హద్దులు గానీ వర్గీకరణ గానీ మారుతుంటే, ఆ ప్రాంతం లోపల, చుట్టూ 200 అడుగుల్లో ఉన్న యజమానులకు సాధారణంగా పది రోజుల ముందు నోటీసు పంపాలి. ఇక్కడ బలమైన ఆయుధం ఒకటుంది, దాన్ని వాడేవాళ్లు తక్కువ. మార్పు జరిగే ప్రాంతంలోని భూమిలో గానీ, దాని చుట్టూ 200 అడుగుల్లో ఉన్న భూమిలో గానీ 20 శాతం లేదా అంతకంటే ఎక్కువకు యజమానులైనవాళ్లు సంతకాలు చేసి క్లర్క్‌కు నిరసన పత్రం ఇస్తే, ఆ మార్పు నెగ్గడానికి మామూలు మెజారిటీ చాలదు. మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. సంతకాలు స్థలం యజమానులవి అయి ఉండాలి. ఎక్కడో రెండు మైళ్ల అవతల ఉన్న స్నేహితులు ఆన్‌లైన్ పిటిషన్ మీద చేసే అయిదొందల సంతకాలు ఈ లెక్కలోకి రావు.

200 అడుగుల ఉత్తరం

ఎవరైనా కట్టడానికి దరఖాస్తు పెట్టి, దాని మీద హియరింగ్ ఉన్నప్పుడు, ఆ స్థలానికి అన్ని వైపులా 200 అడుగుల లోపల ఉన్న యజమానులకు దరఖాస్తుదారే కనీసం పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. స్వయంగా అందించాలి, లేదా సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాలి. పోస్ట్‌మన్ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేక స్లిప్ పెట్టి వెళితే పోస్టాఫీసుకు వెళ్లి తెచ్చుకోండి. తీసుకోకపోతే నోటీసు చెల్లదనుకోవద్దు, పంపడంతోనే వాళ్ల బాధ్యత తీరిపోతుంది.

ఈ ఉత్తరం కొందరికి రాదు. అద్దెకు ఉన్నవాళ్లకు రాదు, టాక్స్ జాబితాలో ఉన్న యజమానికే వెళుతుంది. టౌన్‌హోమ్, కాండోల్లో ఇంకో చిక్కు ఉంది. 200 అడుగుల లోపల ఉన్నది మీ కమ్యూనిటీ ఉమ్మడి స్థలమే అయితే, అసోసియేషన్‌కు ఒక్క నోటీసు ఇస్తే చాలు, ఇంటింటికీ పంపనక్కర్లేదు. ఆ కవరు మేనేజ్‌మెంట్ కంపెనీ బల్ల మీద ఆగిపోతే రెండొందల కుటుంబాలకు సంగతి తెలియదు. వచ్చిన ప్రతి నోటీసునూ రెండు రోజుల్లో అందరికీ ఈమెయిల్ చేయాలని మీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల అసోసియేషన్) బోర్డుచేత తీర్మానం చేయించండి.

ఉత్తరం అందాక ప్లాన్లు చూడటానికి వెళ్లండి. హియరింగ్‌కు పది రోజుల ముందు నుంచీ పత్రాలు టౌన్‌షిప్ ఆఫీసులో అందుబాటులో ఉండాలి. ఎక్కడ, ఏ వేళల్లో చూడవచ్చో నోటీసులోనే రాసి ఉంటుంది. సైట్ ప్లాన్‌లో వాననీటి చెరువు ఎక్కడ ఉందో, మీ కంచెకూ గోడకూ దూరం ఎంతో, దీపాల స్తంభాల ఎత్తు ఎంతో, లారీలు ఎటు నుంచి తిరుగుతాయో చూడండి. చివరికి మీ రాత్రి నిద్రను నిర్ణయించేవి ఇవే.

తర్వాత ఇది ఎలాంటి దరఖాస్తో తెలుసుకోండి. జోనింగ్ నిబంధనలన్నీ పాటిస్తూ ప్లానింగ్ బోర్డుకు వచ్చిన సైట్ ప్లాన్‌ను, బయట రోడ్డు మీద ట్రాఫిక్ పెరుగుతుందన్న కారణంతో బోర్డు తోసిపుచ్చలేదు. అక్కడ "అసలు కట్టొద్దు" అంటే మాట్లాడటానికి మీకు దొరికిన సమయం వృథా అవుతుంది. చెట్ల వరస, కంచె ఎత్తు, లోడింగ్ వేళలు, దీపాల కాంతి గురించి అడిగితే అవి షరతులుగా చేరే అవకాశం ఉంటుంది. ఆ జోన్‌లో అనుమతి లేని వాడుక కోసం వేరియెన్స్ (నిబంధన నుంచి మినహాయింపు) అడిగితే దారి వేరు. అది జోనింగ్ బోర్డుకు వెళుతుంది, నెగ్గాలంటే అనుకూలంగా అయిదు ఓట్లు రావాలి. ఓటు వేసేది ఏడుగురు. ముగ్గురు ఒప్పుకోకపోతే అది పడిపోతుంది.

హియరింగ్ కోర్టులా నడుస్తుంది. దరఖాస్తుదారు తరఫున ఇంజినీరు, ట్రాఫిక్ నిపుణుడు, ప్లానర్ ఒకరి తర్వాత ఒకరు ప్రమాణం చేసి చెబుతారు. ఒక్కొక్కరి సాక్ష్యం అయ్యాక ప్రజలు ప్రశ్నలు అడగవచ్చు. అప్పుడు ప్రశ్నలే అడగాలి. అభిప్రాయం చెప్పబోతే ఛైర్‌పర్సన్ ఆపేస్తారు. అభిప్రాయాలకు చివర్లో వేరే సమయం ఉంటుంది, అప్పుడు మీరూ ప్రమాణం చేసి మాట్లాడతారు. రాలేక ఉత్తరం పంపినా, సంతకాల కాగితం ఇచ్చినా బోర్డు సాధారణంగా దాన్ని సాక్ష్యంగా తీసుకోదు, ఎందుకంటే కాగితాన్ని ఎదురు ప్రశ్నలు అడగలేరు. మనిషి వెళ్లాలి. మీ ఫొటోలు, కొలతలు ప్రింటు తీసి పట్టుకెళ్లండి. ఫోన్ తెరలో చూపిస్తే అది రికార్డులోకి ఎక్కదు.

హియరింగ్ ఆ రాత్రి పూర్తికాకపోతే మరో తేదీకి వాయిదా వేసి, అక్కడే ప్రకటిస్తారు. దానికి మళ్లీ ఉత్తరం రాదు. తొమ్మిదిన్నరకే లేచి వచ్చేసినవాళ్లు ఇక్కడే జారవిడుచుకుంటారు. వెళ్లలేకపోతే మర్నాడు ఉదయం బోర్డు సెక్రటరీకి ఫోన్ చేసి "ఏ తేదీకి వేశారు, కొత్త నోటీసు ఇస్తారా" అని అడగండి. నిర్ణయం వచ్చాక దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే నిర్ణయ నోటీసు ప్రచురించిన రోజు నుంచి 45 రోజులే గడువు.

ఇంటి విలువ పోస్టుకార్డు

ఏటా ఫిబ్రవరి 1 నాటికి అసెసర్ (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే అధికారి) నుంచి ఇంటి విలువ తెలిపే కార్డు వస్తుంది. అప్పీలు పన్ను మీద కాదు, ఆ విలువ మీద. మిడిల్‌సెక్స్, మెర్సర్ కౌంటీల్లో గడువు ఏప్రిల్ 1, లేదా కార్డులు పంపిన 45 రోజులు, ఏది తర్వాత వస్తే అది. ఊరంతటికీ రీవాల్యుయేషన్ జరిగిన (ఇళ్ల విలువలు మళ్లీ కట్టిన) ఏడాది మే 1. మన్మత్ లాంటి కొన్ని కౌంటీల్లో కార్డు ముందే వస్తుంది, గడువు జనవరి 15కే ముగుస్తుంది.

వేసేముందు ఈ లెక్క చేయండి. మీ టౌన్‌షిప్‌కు ఆ ఏడాది ప్రకటించిన నిష్పత్తి (ఇళ్ల నిజమైన ధరలో అసెస్‌మెంట్ సగటున ఎంత శాతం అన్నది) 50 శాతం అనుకుందాం. మీ అసెస్‌మెంట్ 3,00,000 డాలర్లు, ముందు ఏడాది అక్టోబర్ 1 నాటికి ఇంటి నిజమైన ధర 5,00,000 డాలర్లు. అంటే మీది 60 శాతం. చట్టం నిష్పత్తి మీద 15 శాతం వరకు తేడాను ఒప్పుకుంటుంది, అంటే 57.5 శాతం దాకా. మీది అది దాటింది కాబట్టి అసెస్‌మెంట్ 2,50,000కు తగ్గాలి. అదే ఇంటి ధర 5,50,000 అయితే మీది 54.5 శాతం, అప్పీలు నిలవదు. అక్టోబర్ 1కి దగ్గరగా అమ్ముడైన, మీ ఇంటిని పోలిన మూడు నుంచి అయిదు ఇళ్ల వివరాలు హియరింగ్‌కు ఏడు రోజుల ముందే ఇవ్వాలి. పక్కింటివాళ్ల అసెస్‌మెంట్ తక్కువ ఉందన్నది సాక్ష్యం కాదు. అప్పీలు నడుస్తున్నా పన్ను కట్టడం ఆపకండి. బకాయి ఉంటే అప్పీలును కొట్టేయవచ్చు.

కావలసిన కాగితం ఆఫీసులో దొరక్కపోతే ఓప్రా (ప్రభుత్వ రికార్డులు అడిగే హక్కునిచ్చే చట్టం) ఫారం నింపి క్లర్క్‌కు ఇవ్వండి. సాధారణంగా ఏడు పనిదినాల్లో సమాధానం రావాలి. మామూలు సైజు ప్రింటుకు పేజీకి 5 సెంట్లు. "ఆ గోదాముకు సంబంధించినవన్నీ" అని అడిగితే అస్పష్టంగా ఉందని తిరస్కరిస్తారు. బ్లాక్, లాట్, పత్రం పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది రాసి అడగండి. హియరింగ్ ముందున్న పది రోజుల్లో పనిదినాలు ఎనిమిదికి మించవు కాబట్టి ఈ ఫారం ఉత్తరం వచ్చిన రోజే ఇవ్వాలి.