త్రీడీ అల్ట్రాసౌండ్ ఇమేజ్‌లు ఒకదానిమీద ఒకటి కూర్చోవట్లేదా?

సర్జరీలో తీసిన రెండు మూడు త్రీడీ స్కాన్‌లు కలిపితే ఒకే రక్తనాళం రెండుగా కనిపిస్తోందా? వెంటనే డిఫార్మబుల్ రిజిస్ట్రేషన్ (ఇమేజ్ ఆకారాన్నే మార్చి ఇంకోదానితో కలిపే పద్ధతి) నొక్కేయకండి. అది ఇమేజ్‌ను సాగదీసి ఎలాగోలా అతికిస్తుంది, తప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది, సర్జన్ దాన్నే నమ్మి ముందుకెళ్తారు.

సమస్య: ప్రోబ్ (చేత్తో పట్టుకుని స్కాన్ చేసే పరికరం) ముందుకు జరిపిన స్వీప్‌కీ వెనక్కి జరిపిన స్వీప్‌కీ పొత్తు కుదరట్లేదు.
కారణం చాలాసార్లు టైమే. ట్రాకర్ (ప్రోబ్ ఎక్కడుందో చెప్పే పరికరం) కన్నా ఇమేజ్ 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తోందనుకోండి, సెకనుకు 20 మిల్లీమీటర్ల వేగంతో జరిపితే ఒక్కో స్వీప్‌లో 1 మి.మీ. తేడా, రెండూ ఎదురెదురు దిశల్లో కాబట్టి మొత్తం 2. నీళ్ల తొట్టిలో ప్రోబ్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ, తొట్టి అడుగు ఇమేజ్‌లో కనిపించే లోతునీ ట్రాకర్ చెప్పే కదలికనీ గ్రాఫ్‌లో పోల్చి ఆ ఆలస్యాన్ని సరిచేయండి. స్కానర్‌లో డెప్త్ సెట్టింగ్ మార్చితే మళ్లీ చూసుకోవాలి.

సమస్య: పైన బాగానే కలుస్తోంది, లోతుకు పోయేకొద్దీ తప్పుతోంది.
ఇక్కడ నిదానంగా చూడాలి, ఎందుకంటే కారణాలు రెండు. తేడా పక్కకు ఉంటే ప్రోబ్ క్యాలిబ్రేషన్‌ను (ప్రోబ్ మీది మార్కర్‌కీ ఇమేజ్‌కీ మధ్య కొలిచిపెట్టుకున్న సంబంధాన్ని) అనుమానించండి: 1 డిగ్రీ కోణం తప్పితే 10 సెం.మీ. లోతులో సుమారు 1.7 మి.మీ. పక్కకు పోతుంది. ట్రాకర్ చూసే ఆ మార్కర్ వదులైందేమో ముందు చేత్తో కదిపి చూడండి. తేడా లోతులోనే ఉంటే ధ్వని వేగం: మెషిన్ సాధారణంగా సెకనుకు 1540 మీటర్లు అనుకుంటుంది, 20 డిగ్రీల నీటిలో అది 1480 మాత్రమే, కాబట్టి 5 సెం.మీ. నీరు 5.2గా కనిపిస్తుంది. నీళ్లలో క్యాలిబ్రేట్ చేసినప్పుడు ఈ లెక్క సరిదిద్దకపోతే ఆ తప్పు ఆపరేషన్ దాకా వస్తుంది.

సమస్య: మెదడు సర్జరీలో అల్ట్రాసౌండ్‌లు కలుస్తున్నాయి, ఆపరేషన్‌కు ముందు తీసిన ఎంఆర్‌ఐతో కలవట్లేదు.
పుర్రె తెరిచాక మెదడు జరుగుతుంది, ఒక్కోసారి 1 సెం.మీ. దాటి కూడా. డిఫార్మబుల్‌కు అసలైన చోటు ఇదే, అదీ ముందు రిజిడ్‌గా (ఆకారం మార్చకుండా జరిపి, తిప్పి) సర్దాకే. ట్యూమర్ తీసేసిన ఖాళీని మాస్క్ చేయండి (లెక్కలోంచి తప్పించండి), లేకపోతే సాఫ్ట్‌వేర్ లేనిదాన్ని వెతికి చుట్టూ ఉన్న కణజాలాన్ని అటు లాగేస్తుంది. రెండు ఇమేజ్‌లు ఎంత పోలి ఉన్నాయో చెప్పే మామూలు కొలత మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ తడబడితే ఎల్‌సీ2 కొలత వాడి చూడండి, అల్ట్రాసౌండ్‌ను సీటీ, ఎంఆర్‌ఐ లాంటి స్కాన్‌లతో కలపడానికే తయారైంది.

సమస్య: కలిపిన ఇమేజ్‌లో నల్ల చారలు.
ఎముక వెనక్కి ధ్వని చేరక పడే నీడ సగటులో కలిసిపోయింది. నీడ పడిన భాగాన్ని తీసేసి సగటు కట్టండి.

సమస్య: సాఫ్ట్‌వేర్ ఇచ్చే పోలిక స్కోర్ బాగుంది, సర్జన్ చేతిలోని పాయింటర్ మాత్రం తప్పు చోట చూపిస్తోంది.
స్కోర్‌ను పక్కన పెట్టండి. రిజిస్ట్రేషన్‌లో వాడని రక్తనాళపు చీలిక ఒకటి ఎంచుకుని, రెండు ఇమేజ్‌లలో అది కనిపించే చోట్ల మధ్య దూరం మి.మీ.లలో కొలిచి, ఆ అంకెనే సర్జన్‌కు చెప్పండి.