చిన్న కెమెరాతో ప్రమిదల ఫొటో

ముందు ఫ్లాష్ ఆపేయండి. అది వెలిగితే దీపం కళ పోతుంది. జూమ్ జోలికి వెళ్లొద్దు. చాలా కాంపాక్ట్ కెమెరాల్లో జూమ్ చేసేకొద్దీ లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గుతుంది, కాబట్టి మీరే దగ్గరికి జరగండి. మరీ దగ్గరైతే ఫోకస్ కుదరదు, అప్పుడు పువ్వు గుర్తున్న మాక్రో నొక్కాలి.

కెమెరాను పీట మీద పెట్టి ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు స్పందించే స్థాయి) 200, సెల్ఫ్ టైమర్ 2 సెకన్లు పెట్టండి. వేలి కుదుపుకే చాలా ఫొటోలు పాడవుతాయి మరి! బటన్ సగం నొక్కి ఫోకస్‌ను మంట మీద కాక ప్రమిద అంచు మీద పట్టి, తర్వాత పూర్తిగా నొక్కండి.

చుట్టూ చీకటి ఉంటే కెమెరా వెలుతురు పెంచేసి మంటను తెల్లటి మచ్చగా మారుస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు మోతాదు) సర్దుబాటును −1కి దించండి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఎండ గుర్తు మీద ఉంటే ఆ పసుపు వెలుగు నిలుస్తుంది. పొద్దుగూకిన 20 నిమిషాలకు తీస్తే వెనక ఆకాశం నీలంగా పడుతుంది.