గింజల సత్తా తేల్చే పరీక్ష – 3వ పాఠం: గింజ లేని గుంత

గింజల సారం బ్యాక్టీరియా పెరుగుదలను ఆపుతుందో లేదో చూడటమే ఈ పరీక్ష. పోయిన పాఠంలో కానుగ గింజల పొడిని ముందు హెక్సేన్ అనే ద్రావకంలో నానబెట్టి నూనె లాగేశాం. మిగిలిన పిండి నుంచి మిథనాల్ అనే ఆల్కహాల్‌తో సారం తీసి ఆరబెట్టాం. నూనె తీయడం దండగ పని అనుకున్నవాళ్లకు ఇవాళ సంగతి అర్థమవుతుంది. బ్యాక్టీరియాను పెంచే అగార్ అంటే నీళ్లతో నిండిన జెల్. సారాన్ని అందులో తీసిన గుంతలో పోస్తాం. నూనె అందులో పాకదు. గుంతలోనే ఉండిపోతుంది, మనమేమో "ఈ గింజ పనిచేయలేదు" అని రాసేస్తాం.

పరీక్ష కాలేజీ ల్యాబ్‌లోనే, మేడమ్‌నో సార్‌నో అడిగి చేయండి. హాని చేయని బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా చాలు. పుండు నుంచి తీసిన చీము జోలికి పోవద్దు.

ముల్లర్-హింటన్ అనే రకం అగార్‌ను ప్లేట్‌లో 4 మి.మీ. మందాన పోసి, గట్టిపడ్డాక బ్యాక్టీరియాను దూదిపుల్లతో ప్లేట్ అంతా సమంగా రాయండి. 6 మి.మీ. గుంతలు రెండు తీయండి. ఒకదాంట్లో డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో మిల్లీలీటరుకు 100 మి.గ్రా. చొప్పున కరిగించిన సారం 50 మైక్రోలీటర్లు, రెండోదాంట్లో అంతే డీఎంఎస్‌ఓ, గింజ లేకుండా. పక్కన 10 మైక్రోగ్రాముల జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ ఉన్న డిస్క్. తర్వాత 37 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు. మే నెల కదా, అనంతపురంలో బల్ల మీద పెట్టినా సరిపోతుందిలే అనకండి. మధ్యాహ్నం నలభై దాటే గది తెల్లవారేసరికి చల్లబడుతుంది. వేడి నిలకడగా ఉండాలి, ఇంక్యుబేటర్ తప్పదు.

మర్నాడు అందరి కళ్లూ సారం గుంత మీదకే పోతాయి. మీరు ముందు గింజ లేని గుంత చూడండి. దాని చుట్టూ కూడా బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఉంటే బ్యాక్టీరియాను ఆపింది డీఎంఎస్‌ఓ. అప్పుడు సారం వలయం ఎంత పెద్దదైనా లెక్కలోకి రాదు. అక్కడ వలయం లేకపోయినా ఒక అనుమానం మిగులుతుంది: సారం పూర్తిగా ఆరకపోతే అందులో మిగిలిన మిథనాలూ ఇదే పని చేస్తుంది. బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టమన్నది అందుకే.

వలయాన్ని ప్లేట్ వెనక నుంచి, గుంతతో కలిపి, మిల్లీమీటర్లలో కొలవండి. జెంటామైసిన్‌తో పోటీ మాత్రం పెట్టకండి. గుంతలో పోసిన సారం 5 మి.గ్రా., అంటే డిస్క్‌లోని మందుకు 500 రెట్లు. అయినా "యాంటీబయోటిక్‌తో సమానం" అని ప్రాజెక్టుల్లో రాసేవాళ్లున్నారు!

ప్లేట్లను ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరిలో, 121 డిగ్రీల దగ్గర ఉంచి బ్యాక్టీరియాను చంపాకే పారేయండి. వచ్చే పాఠంలో ఇదే సారాన్ని గొట్టాల్లో సగం సగం పలుచన చేస్తూ, ఎంత తక్కువతో పెరుగుదల ఆగుతుందో చూద్దాం. కనీసం ఒక గ్రాము సారం దాచుకోండి.