గోశాల గోబర్ గ్యాస్: మంట తగ్గితే ముందు పేడ తొట్టి చూడండి

గ్యాస్ తగ్గగానే ప్లాంటు పాడైందనుకుని మేస్త్రీకి కబురు పెడతారు. అంతకంటే ముందు పేడ కలిపే తొట్టి దగ్గర ఒక పూట నిలబడి చూడండి. గోశాలల్లో చాలా తిప్పలు అక్కడే మొదలవుతాయి.

కొత్త ప్లాంటు, గ్యాస్ వచ్చినా అంటుకోదు

మొదట వచ్చేదాంట్లో గాలి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని ఆరుబయట వదిలేయండి. మళ్లీ నిండాక వెలిగించి చూడండి.

బాగా నడిచిన ప్లాంటులో గ్యాస్ తగ్గుతోంది

ముందు లెక్క చూడండి. కిలో పచ్చిపేడకు దాదాపు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. అంటే 100 కిలోలకు 4 ఘనపు మీటర్లు. ఆవులు పగలంతా మేతకు వెళ్తుంటే చేతికందే పేడ తగ్గుతుంది, గ్యాసూ తగ్గుతుంది. అది ప్లాంటు లోపం కాదు.

లెక్క సరిపోయినా గ్యాస్ రాకపోతే నీళ్లను అనుమానించండి. పచ్చిపేడ ఎంతో నీరూ అంతే ఉండాలి. కలాపి కంటే చిక్కగా, అలికే పేడ కంటే పలుచగా ఉంటే చాలు. పాక కడిగిన నీళ్లన్నీ తొట్టిలోకే మళ్లిస్తే స్లర్రీ (పేడ, నీళ్లు కలిపిన ద్రవం) పలచబడి, పూర్తిగా కుళ్లకముందే బయటికి పోతుంది. ఆ నీళ్లలో ఫినాయిల్ ఉంటే గ్యాస్ తయారుచేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. కడుగు నీళ్లకు వేరే కాలువ తీయండి.

గోశాలలో ముసలివి, జబ్బుపడ్డవి ఎక్కువ కాబట్టి మందుల సంగతీ మరవకూడదు. యాంటీబయాటిక్ వాడుతున్న ఆవు పేడను చికిత్స ముగిసిన కొన్నాళ్ల వరకు ప్లాంటులో వేయకండి.

స్లర్రీ పుల్లటి వాసన వస్తే ప్లాంటులో వేసే పేడ ఎక్కువైనట్టే. కొన్ని రోజులు పేడ వేయడం ఆపి, తర్వాత సగంతో మొదలుపెట్టండి. చలికాలంలో గ్యాస్ తగ్గడం సహజం. 30 నుంచి 37 డిగ్రీల వేడిలో బాగా తయారవుతుంది, 15 కిందికి పడిపోతే దాదాపు ఆగిపోతుంది. ఎండలో కాగిన నీళ్లతో కలిపితే కొంత మేలు.

స్లర్రీ మీద తెట్టె

గడ్డిపరకలు పైకి తేలి గట్టిపడితే గ్యాస్ పైకి రాలేదు. ప్లాంటు మీద గ్యాస్ పట్టే తేలే డ్రమ్ము ఉంటే రోజూ అటూ ఇటూ తిప్పండి. ఇసుక అడుగున చేరి చోటు తినేస్తుంది. రెండింటినీ తొట్టిలోనే ఏరేయాలి.

మంట ఎగిరెగిరి పడుతోంది

పైపులో నీరు చేరింది. అన్నిటికంటే పల్లంలో ఉన్న కుళాయి విప్పి నీళ్లు వదలండి.

కుళ్లిన గుడ్ల వాసన

గ్యాస్ కారుతోంది. అతుకులకు సబ్బునీళ్లు రాసి బుడగలు చూడండి. అగ్గిపుల్లతో వెతకవద్దు. ఆ వాసనకు కారణం హైడ్రోజన్ సల్ఫైడ్. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అందుకే ఖాళీ చేసిన ప్లాంటు గుంతలోకి కూడా ఎవరినీ దిగనివ్వకండి. లోపల పడిపోయిన మనిషిని లాగబోయి రెండోవాడూ ప్రాణం పోగొట్టుకుంటాడు. పూడిక తీయాలంటే యంత్రంతోనే తీయించండి.