ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో క్రాప్ మోడ్: తేడా ఎక్కడ కొడుతోంది, ఎలా సరిచేయాలి

క్రాప్ మోడ్ అంటే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద, 36 × 24 ఎంఎం) సెన్సర్‌లో మధ్య భాగాన్నే వాడుకుని, చుట్టూ ఉన్నది కోసేయడం. అనుమానం వచ్చిన ఫోటోని ముందు కంప్యూటర్లో తెరిచి, అది ఎన్ని పిక్సెళ్లుందో చూడండి. సోనీ ఏ7 త్రీ అయితే 6000 × 4000 ఉండాలి. 3936 × 2624 కనిపించిందా, క్రాప్ మోడ్‌లో తీసినట్టే. నికాన్ జడ్8లో 8256 × 5504 కాస్తా 5392 × 3592 అవుతుంది, అంటే 45 మెగాపిక్సెళ్లలో చేతికొచ్చేది 19 చిల్లర. కింద రాసిన వాటిలో సగం గొడవలు ఈ అంకె చూస్తేనే తేలిపోతాయి.

24 ఎంఎంలో పెట్టినా సీను పట్టడం లేదు

ఇది నాకే జరిగింది. ముందురోజు గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు గట్టు మీద గూడబాతులు తీస్తూ, కస్టమ్ బటన్‌కి పెట్టుకున్న క్రాప్ ఆన్ చేశాను. ఆపడం మర్చిపోయాను. తెల్లారి పెళ్లిలో పీటల మీద జంట పట్టింది కానీ పక్కన తల్లిదండ్రులు పట్టరే! వెనక్కి జరిగి జరిగి కుర్చీల వరుసకి తగులుకున్నాను. 24-70 లెన్స్ 36-105లా పనిచేస్తోందని తలంబ్రాలు అయ్యేదాకా తట్టలేదు. మిర్రర్‌లెస్‌లో (లోపల అద్దం లేని కెమెరాలో) వచ్చే చిక్కే ఇది. కోయగా మిగిలిన భాగాన్నే వ్యూఫైండర్ నిండా చూపిస్తుంది కాబట్టి కంటికి తేడా తెలియదు, మూలన చిన్న గుర్తు తప్ప.

కారణం రెండింట్లో ఒకటి: బటన్ తగిలి ఉంటుంది, లేదా ఏపీఎస్-సీ లెన్స్ (చిన్న సెన్సర్ కెమెరాల కోసం చేసింది) తగిలించి ఉంటారు. సోనీలో ‘ఏపీఎస్-సీ ఎస్35’ ఆటోలో ఉంటే అలాంటి లెన్స్ పెట్టగానే తనే కోస్తుంది. నికాన్ ఏపీఎస్-సీని డీఎక్స్ అంటుంది; జడ్ ఫుల్‌ఫ్రేమ్ బాడీకి డీఎక్స్ లెన్స్ పెడితే క్రాప్ తప్పదు, మెనూలో మార్చే వీలే ఉండదు. కానన్‌లో చిన్న సెన్సర్ కోసం చేసిన ఆర్ఎఫ్-ఎస్ లెన్స్‌తోనూ అంతే, 1.6 రెట్ల క్రాప్.

పరిష్కారం: పెళ్లి పనికి వెళ్లే బాడీలో ఆ బటన్‌కి వేరే పని అప్పగించండి. జడ్8, జడ్9లలో డీఎక్స్ క్రాప్ అలర్ట్ ఉంది, ఆన్ చేసుకోండి. ఆల్బమ్ మాట కూడా చూడండి. 12 × 36 అంగుళాల షీటు మొత్తం ఒకే ఫోటోతో నింపితే, 3936 పిక్సెళ్లకి అంగుళానికి 109 పిక్సెళ్లు మాత్రమే వస్తాయి. అదే ఫోటో చిన్న పెట్టెలో వాడితే ఎవరికీ తెలియదు. నేను డిజైనర్‌తో అదే చేయించాను.

రా ఫైల్లోనైనా మిగతా భాగం ఉంటుందిగా?

ఉండదు. నికాన్‌లోనూ సోనీలోనూ రా ఫైలే (జేపెగ్‌గా మార్చని అసలు డేటా) కోసి సేవ్ అవుతుంది. పోయింది పోయినట్టే. ఉన్నదాన్ని పెద్దది చేయాలంటే లైట్‌రూమ్‌లో సూపర్ రిజల్యూషన్ ఉంది, వెడల్పు, ఎత్తు రెండింటినీ రెట్టింపు చేస్తుంది. తెగిపోయిన పెదనాన్నని మాత్రం తీసుకురాలేదు.

మూలలు నల్లగా వస్తున్నాయి

పై సమస్యకి ఇది తిరగేసింది. చిన్న సెన్సర్ కోసం చేసిన లెన్స్ పెట్టారు, క్రాప్ మాత్రం ఆగిపోయి ఉంది. ఆటోలో పెట్టినా నలుపు పోకపోతే, అది కాంటాక్టులు లేని మాన్యువల్ లెన్స్ అయి ఉంటుంది. ముందు ఏ లెన్స్ ఉందో కెమెరాకి తెలియదు, క్రాప్ చేత్తో ఆన్ చేయాల్సిందే. నికాన్ డీ750, డీ850 వాళ్లకి మధ్యేమార్గంగా 1.2 రెట్ల క్రాప్ ఉంది, కొన్ని డీఎక్స్ ప్రైమ్‌లకి (జూమ్ లేని లెన్స్‌లకి) అది చాలు.

క్రాప్ పెట్టినా పక్షి వివరం పెరగలేదు

పెరగదు. 400 ఎంఎంని 600 చేసిందని మురిసిపోతాం కానీ, గూడబాతు సెన్సర్ మీద 1200 పిక్సెళ్లు ఆక్రమిస్తే క్రాప్‌లోనూ అవే 1200. తగ్గింది చుట్టూ ఉన్న నీళ్లూ ఆకాశమూ. ఇంటికొచ్చి కోసుకున్నా సరిగ్గా అదే బొమ్మ. పైగా ఎగిరే పక్షి రెక్క ఫ్రేము దాటిందంటే, పూర్తి ఫ్రేములో తీసినవాడికి రెక్క దక్కుతుంది, మీకు దక్కదు.

మరి ఎందుకు వాడాలి? ఫైళ్లు చిన్నవవుతాయి, బర్స్ట్ (ఆగకుండా వరసగా తీయడం) ఎక్కువసేపు సాగుతుంది, కార్డు నిండదు. మిర్రర్‌లెస్‌లో పక్షి పెద్దగా కనిపించి, కన్ను మీద ఫోకస్ పడిందో లేదో తెలుస్తుంది. డీ750లో అయితే మధ్యలో గుంపుగా ఉన్న 51 ఫోకస్ పాయింట్లు డీఎక్స్ ఫ్రేములో చాలా భాగం పరుచుకుంటాయి. గట్టు మీద కూర్చున్న పక్షికి క్రాప్ సరే, ఎగిరేదానికి నేను వాడను. నిజంగా వివరం కావాలంటే పొడుగు లెన్సో ఇంకో పది అడుగులో, వేరే దారి లేదు.

గ్రెయిన్ ఎక్కువైంది

ఐఎస్ఓ తప్పు కాదు, ఎక్స్‌పోజర్ కూడా మారలేదు. వాడుతున్న సెన్సర్ వైశాల్యం 2.25 రెట్లు తగ్గింది, అదే సైజు ప్రింటుకి బొమ్మని ఇంకా సాగదీస్తున్నాం. వణుకు కూడా అలాగే పెద్దదవుతుంది. అందుకే చేత్తో పట్టుకుని 200 ఎంఎంలో తీసేటప్పుడు 1/200 బదులు 1/320 పెట్టండి.

డీఎస్ఎల్ఆర్‌లో తలలు తెగుతున్నాయి

డీఎస్ఎల్ఆర్ అంటే అద్దం ఉన్న కెమెరా, అద్దంలోంచి చూసేది పూర్తి ఫ్రేమే. కోత ఎక్కడో చెప్పేది సన్నటి గీత ఒక్కటే, ఎండలో అది కనిపించదు. డీ850లో బయటి భాగాన్ని మసకగా చూపే ఆప్షన్ ఉంది, అలాంటిది లేనివాటిలో లైవ్ వ్యూ (వెనక తెర మీద చూడటం) నమ్ముకోవాలి.

వీడియో మెత్తగా ఉంది

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. సోనీ ఏ7ఆర్ టూ, త్రీ, ఫోర్‌లలో ఫుల్‌ఫ్రేమ్ 4కే కంటే సూపర్ 35 మోడ్‌లో (వీడియోలో ఏపీఎస్-సీ క్రాప్‌కి పేరు) తీసిన 4కేనే స్ఫుటంగా వస్తుంది, అందులో ప్రతి పిక్సెల్‌నీ చదువుతుంది కాబట్టి. ఈ కెమెరాలతో వీడియో తీస్తుంటే క్రాప్ ఆన్ చేసి, వైడ్ కోసం 16 ఎంఎం దాకా వెళ్లే లెన్స్ సంచిలో పెట్టుకోండి.